కీలక వ్యక్తి

మా ఆయనకి ఇద్దరు పెళ్ళాలని గిలకలదిండి హార్బరంతా చెప్పుకుంటారు. పెద్దావిడ మా ఐసు ఫ్యాక్టరీలో ఉన్న కంప్రెసరు. చిన్నదాన్ని నేను. నేను కాపురానికొచ్చేసరికే ఆవిడ సిమెంటు దిమ్మ మీద బోల్టులు బిగించుకుని తిష్ఠ వేసి ఉంది. మా మామగారు స్వయంగా కొనుక్కొచ్చారు కాబట్టి ఆవిడని పల్లెత్తు మాట అనడానికి లేదు. ఈయన పొద్దున్నే ముందు ఆవిడ ఒళ్ళు తడిమి, వేడి చూసి, చెవి ఆనించి విని, ఆ తర్వాతే ఇంటికొచ్చి నా చేతి కాఫీ తాగుతారు. నాకు జ్వరమొస్తే మాత్రం థర్మామీటరు ఎక్కడుందో నన్నే అడుగుతారు.

ఆయన పేరు పాండురంగారావు. నా పేరు స్వర్ణ. ఒక్కగానొక్క కూతురు గుంటూరులో చదువుకుంటోంది. ఇప్పుడు బోట్లన్నీ బ్యాటరీలకి మారిపోయాయి, చేపల వేలం ఫోన్లలోకి వెళ్ళిపోయింది గానీ, పట్టిన చేప పాడవకుండా ఉండాలంటే ఈనాటికీ ఐసే కావాలి. హార్బరుకి ఆ ఐసు ఇచ్చేది మేము. కంప్రెసరు ఆగితే మా పొయ్యి ఆరిపోతుంది, దాంతోపాటు బోట్లవాళ్ళ పొయ్యిలు కూడా.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన ఆఫీసు గదిలో మడతమంచం మీద కాసేపు నడుం వాలుస్తారు. గోడకి అవతల కంప్రెసరు. పని తెమిలితే నేనూ వెళ్ళి ఆయన ఛాతీ మీద తల పెట్టుకుంటాను. ఒక చెవికి ఆయన గుండె, రెండో చెవికి నా సవతి. ఆ మధ్య కొన్నాళ్ళుగా ఆయన గుండెచప్పుడు మధ్యలో సన్నగా "స్స్" మని వినిపిస్తుంటే నాకు నవ్వొచ్చింది.

"ఏవండీ, మీ లోపల కూడా గ్యాసు లీకవుతోంది. జిలానీని పిలిచి నట్టు బిగించమనండి" అన్నాను.

"ఆవిడతో ఇన్నేళ్ళు కాపురం చేశాక ఆ మాత్రం గుణం అంటుకోదా?" అన్నారాయన కళ్ళు మూసుకునే.

జిలానీ మా కంప్రెసరు ఆపరేటరు. మా మామగారి హయాం నుంచీ ఉన్నాడు. ఆ మాట చెబితే వాడూ నవ్వాడు. ముగ్గురం కలిసి నవ్వుకున్నాం. మెట్లెక్కితే ఆయనకి ఆయాసం వస్తోందని నాకు తెలుసు. వయసనుకున్నాను, పొట్ట అనుకున్నాను, నా వంట అనుకున్నాను.

ఆ ఏడు దసరాకి మా చెల్లెలు హైమ వచ్చింది. అది విశాఖపట్నంలో ఒక బీమా కంపెనీ నడిపే పరిశోధనశాలలో పనిచేస్తుంది. బావ అంటే దానికి ప్రాణం, కాబట్టే వచ్చిన ప్రతిసారీ ఆయన్ని భోజనాల దగ్గర కూర్చోబెట్టి క్లాసు పీకుతుంది.

"నిప్పంటుకుంటే బీమా ఉంది. కంప్రెసరు చెడిపోతే ఉంది. కరెంటు పోయి ఐసు కరిగిపోతే ఉంది. గ్యాసు లీకై పనివాళ్ళకేదైనా అయితే ఉంది. తుఫానొచ్చి రేకులెగిరిపోతే ఉంది. ఎవరికి లేదో తెలుసా బావా? నీకు."

"నాకెందుకు మరదలా? అది ఆగితే హార్బరాగుతుంది. నేనాగితే ఒక కుర్చీ ఖాళీ అవుతుంది, అంతేగా."

నేను గోంగూర వడ్డిస్తున్నదాన్ని కావాలనే ఆయన కంచంలోకి గరిటె గట్టిగా కొట్టాను. ఆయన తలెత్తలేదు.

"వ్యాపారాల్లో కీలక వ్యక్తి బీమా అని ఒకటుంటుంది" అంది హైమ. "ఏ మనిషి లేకపోతే వ్యాపారం కుంటుపడుతుందో ఆ మనిషి మీద కడతారు. ఆస్పత్రి ఖర్చులకి వేరే. రెండూ తీసుకో. నువ్వు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చౌక. జబ్బు బయటపడ్డాక ఎవరూ దగ్గరికి రానివ్వరు."

"కీలక వ్యక్తి జిలానీ. వాడి మీద కట్టండి" అని ఆయన మజ్జిగ పోసుకున్నారు.

అప్పుడే హైమ సంచిలోంచి తను కనిపెట్టిన వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. అరచేతిలో పట్టే నల్లటి బిళ్ళ. చెడిపోబోయే వస్తువు ఏదైనా చెడిపోయే ముందు చాలాకాలంపాటు చిన్న చప్పుడు చేస్తుందట, అది మన చెవికి అందదట. ఈ బిళ్ళని ఇనుముకి అంటిస్తే, చప్పుడు ఎంత చిన్నదైనా పెద్దది చేసుకుని వింటుంది. వాళ్ళ పరిశోధనశాలలో ప్రాణం పోయేదాకా నడిపిన వేల యంత్రాల చప్పుళ్ళతో పోల్చి చూసి, దీనికింకా ఎంత ఆయుష్షుందో చెప్పేస్తుంది. మా కంప్రెసరుకి ఒకసారి పెట్టి చూస్తానంది. బాగుందని తేలితే ప్రీమియం సగానికి తగ్గుతుందట.

"బీమా అంటే నాకు తెలిసిందిది" అన్నారాయన బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "వంద బోట్లు వేటకెళతాయి. ఒకటి తిరిగి రాదు. ఏది రాదో ముందు తెలియదు గనకే వందమందీ తలా గంపెడు చేప పక్కన పెడతారు. మరి మీ బిళ్ళ ఏ బోటు రాదో ముందే చెప్పేస్తే, మిగతావాళ్ళు గంప ఎందుకు పెడతారే?"

హైమ అన్నంలో వేలుపెట్టి గీతలు గీసింది.

నేను వాతావరణం తేలికచేద్దామని, "ముందు మీ బావకి పెట్టి చూడవే, ఎన్నాళ్ళు భరించాలో తెలుస్తుంది" అన్నాను.

అది ఉలిక్కిపడింది. "తమాషాకి కూడా అనకక్కా. మనుషుల మీద పెట్టకూడదని చట్టముంది. అసలు మనుషుల మీద పనిచేస్తుందో లేదో కూడా మేం చూడలేదు. చూడం కూడా."

ఆ సాయంత్రం బిళ్ళని కంప్రెసరు ఒంటికి అంటించి, మర్నాడు పొద్దున దానంతటదే పని మొదలుపెట్టేలా అమర్చి, ఎవరూ కదపొద్దని జిలానీకి పదిసార్లు చెప్పి అత్తగారి ఊరు వెళ్ళిపోయింది. మర్నాడు మహర్నవమి. మిగతా ఐసు ఫ్యాక్టరీలవాళ్ళు కంప్రెసరు నడుస్తుండగానే దానికింత కుంకుమ పూసి ఆయుధపూజ అయిందనిపిస్తారు. మా దగ్గరా అంతేననుకుంది హైమ. మా దగ్గర వేరే అని చెప్పాలని మాకూ తోచలేదు.

మా మామగారు పెట్టిన ఆచారం ఒకటుంది. ఆ రోజు కంప్రెసరుని పూర్తిగా ఆపేస్తారు. ఐసు గడ్డకట్టే ఉప్పునీటి తొట్టిలో చల్లదనం ఒక పూటకి ఎక్కడికీ పోదు. పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, ప్రమిదలో నూనె పోసి దీపం పెడతారు. తర్వాత అందరూ బయటికొచ్చేస్తారు. యజమాని ఒక్కడే లోపల కూర్చుంటాడు, కంప్రెసరుకి వీపు ఆనించి, మాట్లాడకుండా, దీపంలో నూనె అయిపోయేదాకా. "ఏడాది పొడుగునా మనకోసం మేలుకున్నది. నిద్రపోయే ఈ ఒక్కపూటా దానికి మనిషి తోడుండాలి" అనేవారట మామగారు. పెళ్ళైన కొత్తలో ఇది విని నేను పగలబడి నవ్వాను. తర్వాత తర్వాత ఏడిచిన సందర్భాలూ ఉన్నాయి, నాకు ఆపరేషనై పడుకున్న ఏడాది కూడా ఈయన వెళ్ళి దాని దగ్గరే కూర్చున్నారు మరి.

జిలానీ బిళ్ళని కదపలేదు. దానికీ బొట్టు పెట్టాడు. ఈయన ఎప్పట్లాగే దాని పక్కన చేరి వీపు ఆనించి కూర్చున్నారు.

పండగ వెళ్ళాక కంపెనీ నుంచి సందేశం వచ్చింది. "డిశ్చార్జి వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. వెనక్కి కారుతోంది. సరిచేయకపోతే ఏడాదిలోపు ఏ రోజైనా ఆగిపోవచ్చు." వాల్వు మార్చేదాకా కంప్రెసరుకి బీమా వర్తించదని కూడా రాశారు.

ఆయన ఆ సందేశాన్ని చదివి అన్నం మానేశారు. నిజం చెప్పాలంటే మా పెళ్ళినాడు మా నాన్న ఏడ్చినట్టు మొహం పెట్టారు. "రోజూ చెవి పెట్టి వింటున్నానే, నాకెలా తెలియలేదు?" అని పదేపదే అడిగారు. నేను వీపు నిమిరాను. అదే మాట కొన్నాళ్ళకి నన్ను నేను అడుక్కోవాల్సి వస్తుందని నాకప్పుడు తెలియదు.

ఆదివారం కంప్రెసరు ఆపి, దాని తల విప్పారు. జిలానీ వాల్వు ప్లేట్లు బయటికి తీసి, కిరసనాయిలుతో కడిగి, వెలుగులో పట్టి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. వాడికి కోపం వచ్చింది.

"బాబుగారూ, దీనిలో మొకం చూసుకోవచ్చు. మీసం కూడా దువ్వుకోవచ్చు. కారతందంట! ఎవడండీ అన్నది?"

స్ప్రింగులు, రింగులు, బేరింగులు అన్నీ విప్పారు. ఎక్కడా మచ్చ లేదు. ఆయన మళ్ళీ అన్నీ తన చేతులతోనే బిగించి, బరువులెత్తి, చివరికి తొట్టి చెక్కమూతల మీద కూలబడి రొప్పారు. అంత రొప్పుతూ కూడా ఆయన మొహంలో సంతోషమే ఉంది. కంప్రెసరు వైపు చూసి, "అనవసరంగా నిన్ననుమానించాం" అన్నారు. నేను మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకోలేక రెండు చేతులూ వాడారు.

హైమకి ఫోన్ చేసి తిట్టాను. నీ బిళ్ళ నా సవతి పరువు తీసిందన్నాను. అది నవ్వలేదు. పూజ ఎలా చేశారు, కంప్రెసరు ఎంతసేపు ఆపారు, లోపల ఎవరున్నారు, ఎక్కడ కూర్చున్నారు, అన్నీ అడిగింది. చివరికి, "నువ్వొక్కదానివే విశాఖపట్నం రా అక్కా. బావకి ఏదో ఒకటి చెప్పు" అంది. దానికి జ్వరమని చెప్పి రైలెక్కాను.

వాళ్ళ పరిశోధనశాల ఒక పెద్ద హాలు. దాన్నిండా నడుస్తున్న యంత్రాలు. మిక్సీలు, నీళ్ళ మోటార్లు, ఫ్యాన్లు, లిఫ్టు మోటార్లు, బస్సు ఇంజన్లు. అన్నింటికీ తలా ఒక బిళ్ళ. ప్రాణం పోయేదాకా వాటిని ఆపరు. ఒక మూల టేబుల్ ఫ్యానొకటి కీచుమంటూ, ఆగుతూ, మళ్ళీ తిరుగుతూ కనపడింది. పక్కన మనిషన్నవాడు లేడు. నాకెందుకో దాని దగ్గర కాసేపు నిలబడాలనిపించింది. హైమ చెయ్యిపట్టి లాక్కుపోయింది.

గదిలో తలుపు వేసి, హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టింది.

"కంప్రెసరు ఆగి ఉంది కదా, బిళ్ళకి ఇంకేం వినపడలేదు. ఇనుములోంచి ఏ చిన్న చప్పుడు తగిలిందో దాన్నే పెద్దది చేసుకుని వింది. విని చెప్పు."

విన్నాను. ధడ్ మంది. స్స్ మంది. ధడ్. స్స్.

ఇరవై మూడేళ్ళుగా మధ్యాహ్నం పూట నా చెవి కింద కొట్టుకున్న గుండె అది.  హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "మీ బావ" అన్నాను. 

హైమ ఏడ్చేసింది. దానికి ముందే అనుమానం వచ్చింది, నా నోటితో వింటేగానీ నమ్మాలనిపించలేదట. "కంప్రెసరు వాల్వు కారినా గుండె వాల్వు కారినా చప్పుడు ఒకే తీరుగా ఉంది. బిళ్ళకి తేడా తెలియదు. ఎవరిదో తెలియలేదు గానీ చెప్పింది మాత్రం తప్పు కాదు."

ఏడాదిలోపు ఏ రోజైనా. ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు. మేం నవ్వుకున్నాం. ముగ్గురం కూర్చుని ఆ చప్పుడు గురించి నవ్వుకున్నాం. నేలమీద పడి తల బాదుకోవాలనిపించింది.

హైమ కళ్ళు తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, ఇప్పుడు నేను చెప్పేది విను. వాల్వు మార్చడమంటే చిన్న ఖర్చు కాదు. మీ దగ్గర అంత లేదు, ఫ్యాక్టరీ వదులుకోవాలి. బావకి ఆస్పత్రి పాలసీ లేదు. జబ్బుందని తెలిశాక తీసుకుంటే మూడేళ్ళదాకా ఆ జబ్బుకి పైసా ఇవ్వరు. కానీ బావకి తెలియదు కదా. ఇవాళ ఆయన పాలసీ తీసుకుంటే, తెలిసినంతలో ఏ జబ్బూ లేదని ఆయన చెప్పేది అబద్ధం కాదు. కొత్త పాలసీకి ఒక నెల గడువుంటుంది. ఆ నెల దాటాక ఆయాసమని ఆస్పత్రికి తీసుకెళ్ళు. అప్పుడు బయటపడిందంటారు. మొత్తం కంపెనీయే భరిస్తుంది. ఒక్క నెల నోరు మూసుకో చాలు."

బీమా కంపెనీలో పనిచేసే పిల్ల ఆ మాట అనాలంటే బావ మీద దానికెంత ప్రేముండాలి. నేను సరేనన్నాను. ఫ్యాక్టరీ లేకపోతే ఆయన ఎలా బతుకుతారో నేను ఊహించలేను కాబట్టి సరేనన్నాను.

ఇంటికొచ్చి, ఎన్నడూ లేనిది, పాలసీ తీసుకోమని పట్టుబట్టాను. "హైమ జ్వరంలో కూడా అదే కలవరించింది" అన్నాను. మరదలి ముచ్చట కాదనలేక ఒప్పుకున్నారు. మర్నాడు కంపెనీవాళ్ళు ఫోన్ చేసేలోపు నేను చేయని పని లేదు. ఆయన ఐసు దిమ్మలు లాగే కొక్కెం పట్టుకోబోతే లాక్కున్నాను. మెట్లెక్కబోతే నేనెక్కాను. పొద్దున్నే జిలానీని పంపి కంప్రెసరు వేడి చూడమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏంటి స్వర్ణా, అక్కడ మీ చెల్లెలు నీకేమైనా మందు పెట్టిందా?" అన్నారు. మధ్యాహ్నం ఆయన పక్కన పడుకోలేదు. పప్పు నానబెట్టాలని చెప్పి వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఫోనొచ్చింది. తెర మీద మొహం లేదు, మర్యాదైన ఆడగొంతు. అది మనిషి గొంతో కాదో అడగడం ఈ రోజుల్లో అందరూ మానేశారు. పేరడిగింది, వయసడిగింది, పొగతాగుతారా అనడిగింది. ఆయన అన్నింటికీ బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని జవాబు చెప్పారు.

"మీకు తెలిసినంతలో మీకు గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలకి సంబంధించిన జబ్బేదైనా ఉందాండీ?"

"నాకు తెలిసినంతలోనా?" అని నవ్వారాయన. "నా సంగతి నాకంటే మా ఆవిడకే బాగా తెలుసండి. ఆవిణ్ణే అడగండి." అని ఫోన్ నా వైపు తిప్పారు.

"చెప్పండి మేడమ్. మీకు తెలిసినంతలో మీవారికి ఏదైనా జబ్బుందా?"

లేదు అనాలి. రెండక్షరాల మాట. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన నా వైపే చూస్తున్నారు, పరీక్షలో పక్కవాడు సమాధానం చూపిస్తాడని నమ్మకంగా ఎదురుచూసినట్టు. లేదు అన్నానంటే ఆ మాట పక్కన నేను నెలరోజులు పడుకోవాలి. ఆ నెలలో ఏ మధ్యాహ్నమైనా ఆయన గుండె ఆగితే, లేదని నా నోటితో నేనే అన్నానన్నది నాతోపాటు మిగిలిపోతుంది.

"ఉందండీ" అన్నాను. "ఆయన గుండెలో వాల్వు కారుతోంది."

"వివరాలు తెలిపినందుకు ధన్యవాదాలండీ. మీ దరఖాస్తును ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాం. మీకు శుభదినం" అని గొంతు వెళ్ళిపోయింది.

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టారు. "వాల్వు కారుతోందన్నది కంప్రెసరుది కదా?"

ఏడుస్తూ చెప్పాను. పూజనాటి సంగతి, బిళ్ళ సంగతి, పరిశోధనశాల, నెల గడువు, మొత్తం. మధ్యలో ఆపకుండా విన్నారు. అంతా అయ్యాక లేచి చెప్పులేసుకుని ఫ్యాక్టరీలోకి నడిచారు. భయపడి వెనకే పరిగెత్తాను. ఆయన వెళ్ళి కంప్రెసరు మీద చెయ్యి వేసి, "అయితే నీకేం లేదన్నమాట" అన్నారు, హమ్మయ్య అన్నట్టు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వీపు మీద రెండు పిడికిళ్ళతో గుద్దబోయి, గుండె గుర్తొచ్చి ఆగిపోయి, ఆ చేతులతో ఏం చేయాలో తెలియక ఆయన్నే పట్టుకున్నాను.

"పిచ్చిదానా, నెల ఓపిక పట్టలేకపోయావా? ఫ్యాక్టరీ మిగిలేది కదే" అన్నారాయన నా తల మీద గడ్డం ఆనించి.

"ఫ్యాక్టరీకి బీమా ఉంది. నిప్పుకుంది, తుఫానుకుంది, కరెంటుకుంది. నాకేముంది? నాకు మీరు తప్ప ఏముంది?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు నేను. ఆయన నన్ను పట్టుకున్న చేతులు వదల్లేదు.

ఆయన్ని విజయవాడ తీసుకెళితే డాక్టరు బిళ్ళ చెప్పిన మాటే చెప్పాడు. ఇంకొన్నాళ్ళు ఆగుంటే చేతిలో ఏమీ ఉండేది కాదన్నాడు. ఆపరేషను ఖర్చుకి ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా బోటు యజమానుల సంఘానికి రాసిచ్చేశాం. ఆ రోజు ఆయన చాలా మామూలుగా సంతకం పెట్టి, ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకున్నారు. ఆపరేషను చేసి లోహపు వాల్వు వేశారు. తెలివి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "తొట్టి చల్లగా ఉందా?" రెండో మాట, "నువ్వు తిన్నావా?" రెండో స్థానానికి అంత పొంగిపోతానని నేను అనుకోలేదు.

హైమ ఆస్పత్రికి వచ్చి వరండాలో నా పక్కన కూర్చుంది. ఆ రికార్డింగు చెరిపేశానంది. ఎందుకని అడిగితే, "గోడకో కుర్చీకో ఆనుకున్న మనిషి గుండె వినగలదని తెలిస్తే, రేపు ప్రతి బస్సు సీటుకీ, ప్రతి ఆఫీసు కుర్చీకీ చాటుగా ఒక బిళ్ళ పెడతారక్కా. చట్టం ఉన్నా పెడతారు. ఏ బోటు తిరిగి రాదో అందరికీ తెలిసిపోతుంది. బావ అడిగాడే, అప్పుడు గంప ఎవరు పెడతారని" అంది. రికార్డింగు లేకపోయేసరికి, ఆగి ఉన్న కంప్రెసరుని కూడా చెడిపోయిందన్న పనికిమాలిన వస్తువుగా బిళ్ళ లెక్కలోకి వెళ్ళింది. కంపెనీ దాన్ని పక్కన పడేసింది. తన ఏళ్ళ కష్టం అబద్ధమని తన చేతులతోనే రాసిచ్చింది నా చెల్లెలు. ఇప్పుడు అదే ఆఫీసులో తుఫాను నష్టాల ఫోటోలు సరిచూసే పని ఇచ్చారు. బావకిచ్చిన బహుమతి అనుకుంటానులే అని నవ్వింది. నేను దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను.

బోట్ల సంఘం వాటాకొచ్చాక అన్నీ పద్ధతి ప్రకారం జరగాలంది. ఫ్యాక్టరీ కీలక వ్యక్తికి బీమా ఉండి తీరాలంది. కుట్టు పడిన గుండెని ఏ కంపెనీ తీసుకోలేదు. ఆయన మంచంలో ఉన్న నెలల్లో కూలీలు, ఐసు లెక్కలు, బోట్లవాళ్ళ తగాదాలు, అమ్మోనియా సిలిండర్లు అన్నీ చూసింది నేనే కాబట్టి నా పేరు రాశారు. ఆరోగ్యం పరీక్షించి, స్వర్ణలత, కీలక వ్యక్తి అని పాలసీ పంపారు. సిగ్గుపడుతూ ఆయనకి చూపించాను.

"ఇది కనిపెట్టడానికి వాళ్ళకింతకాలం పట్టిందా?" అన్నారాయన. "నన్నడిగితే పెళ్ళిచూపుల నాడే చెప్పేవాణ్ణి."

మళ్ళీ మహర్నవమి వచ్చింది. కంప్రెసరు ఆపాలంటే ఇప్పుడు సంఘాన్ని అడగాలి. అడిగాం. వేటకి వెళ్ళే బోట్లు ఐసు కోసం కాచుకుని ఉంటాయి, దీపం ఆరగానే నడపాలి, ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా కుదరదని ఒప్పుకున్నారు.

బంతిపూల దండ వేసి అందరూ బయటికి వెళ్ళిపోయారు. ఆయన వీపు ఆనించి కూర్చున్నారు. నేనూ వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగాను. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ గదిలో ఈ పూట నేను ఎప్పుడూ లేను. వెనక్కొచ్చి, కంప్రెసరుకి అవతలి పక్కన, దానికి చెంప ఆనించి చతికిలబడ్డాను. ఆయన ఏమీ అనలేదు. మాట్లాడకూడదు కదా.

ఇనుము చల్లగా ఉంది. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, చాలా సన్నగా, గోడ గడియారం నాలుగిళ్ళ అవతల కొట్టుకుంటున్నట్టు, టిక్ మంది. మళ్ళీ టిక్. ఆయన లోపలి కొత్త వాల్వు. మూసుకుంటోంది, తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. నా సవతి దాన్ని తన ఒంట్లోంచి మోసుకొచ్చి నా చెంపకి అందిస్తోంది. ఇన్నేళ్ళూ ఆవిణ్ణి తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఎన్నేళ్ళు ఉంటుందీ చప్పుడు అని అడగడానికి ఇప్పుడు బిళ్ళ లేదు. ఉన్నా అడగను.

"అమ్మా!" అని బయట్నుంచి జిలానీ కేకేశాడు. "బోట్లోళ్ళు గోల పెడతన్నారు. దీపం ఆరిందా?"

ప్రమిద వైపు చూశాను. నూనె అడుగంటింది, వత్తి ఒరిగిపోతోంది. పక్కనే పూజకి తెచ్చిన నూనె సీసా ఉంది.

"ఇంకా లేదు జిలానీ" అని, సీసా మూత తీసి ప్రమిద నిండా పోశాను.